రొయ్యకి ఆదివారం లేదు

పంచాయతీ పోలింగు ఆ ఏడు గురువారం పడింది. ఆర్యపల్లి బడిలో ఒంటిగంటకల్లా పెట్టెలు మూసేస్తారు. పదకొండైనా రొయ్యల షెడ్డు గేటుకి తాళం అలాగే ఉంది. లోపల అరవైమంది ఆడవాళ్లు, రొయ్యలు ఒలిచి నానిపోయిన చేతులతో నిలబడ్డారు.

"నరసన్నా, ఓటేసి గంటలో వచ్చేస్తాం. తియ్యి," అంది కన్నమ్మ. మేస్త్రి నరసన్నకి ఆమె వదిన. అతను తినేది ఆమె చేతి కూడే.

"రెండు లారీల సరుకు దిగింది వదినా. కంట్రాక్టరు బాబు వొద్దన్నాడు. నానేటి సేసేది?"

"ఓటుకి సెలవియ్యాలట కదా?"

"అది ఆఫీసోల్లకి."

అబద్ధం. గోడకి అంటించమని వచ్చిన సెలవు కాగితం అతని జేబులోనే ఉంది. రెండింటికి తాళం తీశాడు.

ముప్పైఒక్క ఓట్ల తేడాతో కంట్రాక్టరు బావమరిది సర్పంచి అయ్యాడు. ఏడాది తిరక్కుండా పడవలు లాగే ఒడ్డుని షెడ్డుకి రాసిచ్చాడు. కన్నమ్మ చేపలెండబెట్టే ఇసకచుట్టూ ముళ్లకంచె పడింది. ఆమె నరసన్నని ఒక్క మాటా అనలేదు. "ఇంకొంచెం ఏసుకో," అని మునుపటిలాగే వడ్డించేది. అతను తలొంచుకుని తిని లేచిపోయేవాడు.

అలా ఐదేళ్లు గడిచాయి. మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈసారి బుధవారం. కంచె ఇవతల ఒడ్డున షెడ్డు ఆడవాళ్లు మీటింగు పెట్టారు. బరంపురం నుంచి పుణ్యవతి అనే కాలేజీ అమ్మాయి వచ్చింది.

"పోలింగు ఆదివారం పెట్టమని కలెక్టరుకి దరఖాస్తు ఇద్దాం. అందరికీ సెలవుంటుంది," అంది.

"సెలవు నీకమ్మా," అంది కన్నమ్మ. "రొయ్యకి ఆదివారం లేదు. సరుకు ఏనాడు దిగితే ఆనాడే మాకు పని."

"ఏ రోజు పెట్టినా కంట్రాక్టరు గేటేసేస్తాడు," అంది షెడ్డులో తోటి పనామె సీతాలు.

పుణ్యవతి పెన్ను మూసింది. "అయితే ఏం చేద్దాం?"

"ఆ పొద్దు ఎవులం లోనికెల్లొద్దు," అంది కన్నమ్మ.

"మర్నాడు పని లేదంటే?" వెనకనుంచి ఎవరో అడిగారు.

"అరవైమందినీ తీసేసి ఆడే ఒలుసుకుంటాడా?" అంది కన్నమ్మ.

నరసన్న లేచాడు. "అప్పుడు సెలవు కాగితం వచ్చింది. నానే దాసీసినాను. మేస్త్రిపని పోతాదని తాళమేసినాను."

"నాకు ఆ వారమే తెలిసింది," అంది కన్నమ్మ.

"మరి అడగలేదేటి వదినా?"

"నువ్వే సెప్తావని సూసినాను. ఐదేళ్లు సూసినాను."

బుధవారం షెడ్డులోకి ఒక్కరూ పోలేదు. ఓటెయ్యడానికి అందరికీ నరసన్న ముందు నడుస్తుంటే, బడి మలుపులో పోలీసులు ఆపారు. పనివాళ్లని రెచ్చగొట్టాడని కంట్రాక్టరు ఫిర్యాదు. ఆడవాళ్లు జీపుని చుట్టుముట్టారు.

"ముందు ఓటెయ్యండి," అని అరుస్తూనే అతను జీపెక్కాడు.

పదకొండింటికి అరవైమందీ వేళ్లమీద సిరాతో ఛత్రపురం స్టేషన్‌కి వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు.

"ఇతనింకా ఓటెయ్యలేదు. ఒంటిగంటలోగా మీ జీపులోనే తీసుకెల్లండి. అందాకా లేవం," అంది కన్నమ్మ ఇన్‌స్పెక్టరుతో.

"అరవై ఓట్లు పోగొట్టినోడిని. నా ఒక్క ఓటుకోసం ఎందుకొదినా?" అన్నాడు నరసన్న. ఆమెకేసి చూడలేకపోయాడు.

"నువ్వు మా ఓట్లు పోగొట్టినావని మేమూ నీది పోగొడతామా? కూకో."

ఇన్‌స్పెక్టరు గడియారం చూశాడు, తర్వాత రోడ్డుకేసి చూశాడు. పక్క షెడ్డువాళ్లు కూడా పని ఆపి వస్తున్నారు.