బొమ్మ అడగని బేరం

మేస్త్రి భార్య వాకిట్లో కూర్చుని ఒక పాత పటం చట్రాన్ని గరుకు కాగితంతో రుద్దుతూ ఉంది. పాత సామాన్ల దుకాణంలో అద్దం పగిలి, రంగు వెలిసి, మూలన పడి ఉన్న పటాలను ఏరి తెచ్చుకోవడం ఆమెకు మూడేళ్లుగా అలవాటు. సబ్బు నీళ్లతో కడిగి, పాత బొమ్మ మీద తెల్లరంగు పూసి, దాని మీద కొత్తగా గీస్తుంది. కొన్నిటికి దర్జీలు పారేసిన గుడ్డముక్కలు అతికిస్తుంది. విరిగిన రెండు చట్రాలను కలిపి ఒక్క పెద్ద చట్రం చేస్తుంది. కొత్త పటం కొనలేని ఇళ్లవాళ్లు వచ్చి తీసుకుపోతారు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు గోడ సొంతం కాదు. దాని మీద తగిలించుకున్న అందమైనా సొంతం కావాలని వాళ్లకు ఉంటుంది. అందులో తప్పేముంది?

ఆ వారం ఆమెకు ఎన్నడూ రానంత పెద్ద బేరం వచ్చింది. పక్క వీధిలో మూడంతస్తుల ఇల్లున్న ఆసామి తన మనిషి చేత ఒక చీటీ పంపాడు. ఎనిమిది పటాలు కావాలట. ఒక్కొక్కదాని పొడవు, వెడల్పు, నేల నుంచి ఎంత ఎత్తున తగిలించాలో కూడా రాసి ఉంది.

మేస్త్రి ఆ చీటీని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏం బొమ్మలు కావాలన్నాడు?"

"ఏదైనా ఫర్వాలేదన్నాడు."

"కొనేవాడు బొమ్మ అడగడా? కూరలకెళ్లినవాడు ఏ కూరైనా సరే, మూరెడు పొడవుంటే చాలంటాడా?"

"మీకు పెళ్లివారు ఎదురొచ్చినా అనుమానమే. అన్నం వడ్డిస్తే ముందు రాళ్లు వెతుకుతారు."

ఆ మాట అబద్ధం కాదు. వీధిలో అతన్ని అనుమానాల మేస్త్రి అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లు తాపీ పట్టినవాడు. మోకాళ్లు అరిగాక పిలిచేవాళ్లు తగ్గారు. పిలిచేవాళ్లు తగ్గేకొద్దీ అనుమానాలు పెరిగాయి. ఈ బేరం మీద కూడా రోజుకో అనుమానం పెంచాడు. సరుకు చేరాక ఆసామి సగం డబ్బు ఎగ్గొడతాడన్నాడు. ఇవే పటాలను కొత్తవని చెప్పి రెండింతలకు అమ్ముకుంటాడన్నాడు. భార్య ఏదీ చెవిన పెట్టలేదు. ఎనిమిదీ పూర్తి చేసింది. వాటిలో పెద్దది రెండు చట్రాలు కలిపి చేసింది. నీలం గుడ్డముక్కలతో నది, దాని ఒడ్డున ఎండు రెల్లు. ఇంతవరకూ తన చేతి మీదుగా అంత మంచి పటం వెళ్లలేదని ఆమెకే తెలుసు.

తగిలించడానికి మేస్త్రి తానే బయలుదేరాడు. సాయం కోసం కాదు, కనిపెట్టడానికి. భార్య కూడా వెంట వెళ్లింది.

ఆసామి ఇంటి పై వాటా ఖాళీగా ఉంది. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. గోడల మీద పెన్సిలు గుర్తులు ముందే పెట్టి ఉన్నాయి. ఒకటి పైకప్పు మూలకు ఆనుకుని ఉంది. ఒకటి మోకాలి ఎత్తులో ఉంది.

"ఇంత కింద పటం ఎవరు చూస్తారు సార్? పిల్లి చూడాలి."

"ఇప్పుడదే ఫ్యాషన్ మేస్త్రీ," అన్నాడు ఆసామి. "నీకు తెలియదులే. మేకులు కొట్టు, చాలు."

అంతలో ఇల్లు చూసుకోవడానికి ఒక కుట్టుపని ఆవిడ ఇద్దరు పిల్లలతో వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది, మిషను మీద నుంచి లేచి వచ్చినట్టుంది. నీలం నది పటం చూసి ఆగిపోయింది.

"ఇది కూడా ఇంటితోనే ఇస్తారా అండీ?"

"అన్నీ ఇంటితోనే. నా ఇంట్లో అద్దె తక్కువ, అందం ఎక్కువ," అన్నాడు ఆసామి.

"అయితే పిల్లల మంచం దీని కిందే వేస్తాను," అంది ఆవిడ. పిల్లలప్పుడే ఆ గోడ పక్కన చోటు నాదంటే నాదని తోసుకుంటున్నారు. ఆసామి అద్దె కాగితాలు తేవడానికి కిందికి దిగాడు.

మేస్త్రి ఆ గోడకు డ్రిల్లు ఆనించాడు. పిండిలో పుల్ల గుచ్చినట్టు సర్రున లోపలికి పోయింది. అతని చెయ్యి ఆగింది. గోరుతో గీకాడు. రంగు కింద పుట్టీ, పుట్టీ కింద పగులు. గీకుకుంటూ పోతే అది కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకప్పు దాకా పోయింది. పైన బీములో ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, సిమెంటును పెళ్లలుగా నెట్టేసింది. దాన్ని ఎవరో నున్నగా మూసేశారు. పనిమంతుడి చెయ్యి. తన చెయ్యి లాంటిదే. ఆ పూత మళ్లీ చీలినా కనబడకుండా ఈ పటాలు.

ఇన్ని రోజులూ అతను అనుమానించనిది ఒక్క గోడనే.

నది పటం పట్టుకుని నిలబడ్డ భార్య కూడా చూసింది. మేస్త్రికి తన ముప్పై ఏళ్ల పని గుర్తొచ్చింది. ఎన్ని పగుళ్లు పూడ్చాడో లెక్క లేదు. నోరు మూసుకుంటే కూలి, నోరు తెరిస్తే ఇంటికి. ఒకచోట తాను అలా పూసిన గోడ పెళ్ల ఊడి, కింద పడుకున్న ముసలాయన భుజం విరిగిందని ఏడాది తర్వాత విన్నాడు. పూయించినవాడిని తిట్టుకున్నాడు. పూసినవాడిని మాత్రం ఎవరూ అడగలేదు, తాను కూడా అడగలేదు.

"అమ్మా," అన్నాడు కుట్టుపని ఆవిడతో. "ఈ ఇంట్లో దిగకండి. గోడ పాడైంది."

ఆవిడ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "అలాగా. మీ చుట్టాలెవరైనా ఈ ఇల్లు అడుగుతున్నారా?"

"లేదమ్మా."

"మూడు నెలలుగా ఇళ్లు చూస్తున్నానండీ. చవగ్గా దొరికిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఇలాగే చెవిలో ఊదారు. తర్వాత చూస్తే ఊదినవాళ్లే దిగారు."

అందరినీ అనుమానించిన మనిషికి, తాను నిజం చెప్పిన రోజున నమ్మేవాళ్లు దొరకలేదు. అతను భార్య వైపు చూశాడు. ఆమె ఒక్క మాట అనకుండా ఊరుకుంటే చాలు, బేరం నిలుస్తుంది, నది గోడకెక్కుతుంది.

ఆమె పటాన్ని నేల మీద బోర్లించింది.

"మా ఆయనకు లోకమంతా అనుమానమే చెల్లీ. నా మీద కూడా. కానీ గోడ సంగతి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆయన్ని నమ్మొద్దులే. నీ టేపు తియ్యి."

కుట్టుపని ఆవిడ టేపు తీసి, మేస్త్రి గీకిన చోట దాని కొసను ఒక పొడవాటి మేకుతో పగుల్లోకి నెట్టింది. ఒక అంగుళం, రెండు, మూడు. నాలుగు దాటినా అడుగు తగల్లేదు. అంకె దగ్గర గోరు నొక్కిపెట్టి రెండోసారి చూసుకుంది. తర్వాత పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని గోడ పక్క నుంచి ఇవతలికి లాగింది.

ఆసామి కాగితాలతో వచ్చేసరికి ఆవిడ గుమ్మం దాటుతోంది.

"పటాలు తగిలించమంటే గోడలు తవ్వమన్నానా?" అన్నాడు మేస్త్రితో. "నీలాంటివాళ్లకు పని ఎందుకివ్వరో ఇప్పుడు తెలిసింది. కింద రెండు వాటాల్లోనూ పోయినేడు ఇలాగే పటాలు పెట్టించాను. ఒక్కరూ నోరెత్తలేదు."

"వాళ్లు పటం దించి చూసి ఉండరు సార్," అన్నాడు మేస్త్రి.

"ఆ పాత చెత్తంతా తీసుకుపో. పైసా ఇవ్వను."

మొగుడూ పెళ్లాలు ఎనిమిది పటాలనూ ఎత్తుకుని మెట్లు దిగారు. సగం మెట్ల మీద భార్య ఆగింది. అతను తిట్లకు సిద్ధమయ్యాడు.

"నాదీ తప్పేనండీ," అంది ఆమె. "ఏ గోడకని నేను అడగలేదు. అంత పెద్ద బేరమని మురిసిపోయాను."

"ఇంకొకరి చేత తగిలిస్తాడులే," అన్నాడతను. "వాడికి మేకులు కొట్టేవాళ్లు కరువా?"

"అందుకని ఊరుకుంటామా?"

ఆమె కింది వాటా తలుపు దగ్గర పటాలు దించింది. ఇంతకాలం మేస్త్రి అనుమానాలన్నీ ఇంటి గడప లోపలే అరిచి, బయట యజమానుల ముందు పిల్లిలా పడుకున్నాయి. అతను తలుపు తట్టాడు. లోపల పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఆ పిల్లను చంకనేసుకుని ఒక తల్లి తలుపు తీసింది.

"మీ గోడ మీది పటాన్ని ఒక్కసారి దించి చూడండమ్మా," అన్నాడు మేస్త్రి.

"ఎందుకు? మీరెవరు?" అందామె అనుమానంగా.

"అడగండి. నన్నూ అడగండి, ఇల్లిచ్చినవాణ్ణీ అడగండి. చవగ్గా ఇల్లు అలంకరించుకోవడంలో తప్పు లేదు, పాత పటమైనా పది కాలాలు బాగుంటుంది. కానీ ఎవరైనా ఊరికే అందం తెచ్చి గోడకు తగిలిస్తే, దాని వెనక ఏముందో చూడనిదే పిల్లల్ని ఆ గోడ కింద పడుకోబెట్టకండి."