మన్నించాను, మన్నించాను, మన్నించాను

బీట్‌రూట్ ఆకుల్లో పురుగులు వెతకడం నా పని. ఉప్పునీళ్లలో నానబెట్టి, ఒక్కో ఆకునూ కిటికీ వెలుతురుకు ఎత్తి చూడాలి. ఈ రాత్రే మా యూదుల కొత్త సంవత్సరం; ఆకులో పురుగు నోట్లో పడితే మాకు పాపం. తినేది ఇంటిల్లిపాదీ అయినా, పురుగు కనబడితే మాట పడేది మాత్రం నేనే.

పెళ్లయినప్పటి నుంచీ ఏటా ఈ పూట నేను ఈ తొట్టి దగ్గరే ఉంటాను. మా ఆయన నిస్సీం ఆ గుమ్మంలోకి వచ్చి, "ఏడాదిలో ఏమన్నా అనుంటే మన్నించెయ్ మర్గలిత్" అంటాడు. పండగకు ముందు మన్నింపు అడిగే మా ఆనవాయితీ ప్రకారం మూడుసార్లు "మన్నించాను" అంటాను. అతను స్నానానికి వెళ్తాడు. నా జీతం చేతిఖర్చులకేనని చుట్టాల ముందు నవ్విన ఏడాదీ అంతే, మా అమ్మ పోయాక పాటించే ఏడు రోజుల సంతాపం ముగిసిన మర్నాడే "ఇంట్లో వంట లేదా" అన్న ఏడాదీ అంతే.

ఈసారి మాత్రం ఎదురుచూశాను. నేను సాయంగా పనిచేసే చిన్నపిల్లల బడిలో పెద్ద టీచరు యోఖెవెద్ రిటైరవుతూ, తన చోటు నన్ను తీసుకోమంది. ఆలోచించుకుని చెప్తానన్నాను. పోయిన వారం గేటు దగ్గర ఆవిడే అంది: "ఇంట్లో పెద్దావిడ ఉందనీ, నీకు కుదరదనీ మీ ఆయన ఫోన్ చేసి చెప్పాడు. పండగయ్యాక ఇంకొకరిని అడుగుతాలే." ఇంటికొచ్చి రొట్టెకు పిండి కలిపాను. ఆ సంగతి అతన్ని అడగలేదు. మన్నించమని అడిగే రోజు వస్తోంది కదా, ఆ రోజైనా తన నోటితో తనే చెబుతాడని ఆశపడ్డాను. సిగ్గులేని ఆశ.

నిస్సీం వచ్చాడు. ఊళ్లో వాళ్లందరికీ మన్నించమని ఒకే మెసేజీ పంపి, ఫోన్ జేబులో పెట్టుకుంటూ అన్నాడు.

"ఏమన్నా అనుంటే మన్నించెయ్."

"దేనికి?"

"అన్నిటికీ."

"అన్నిట్లో ఒకటి చెప్పు."

"పండగపూట పేచీ ఏంటి? సరే, మన్నించు. మళ్లీ అడుగుతున్నా, మన్నించు." లెక్కకు మూడు వేళ్లూ ఎత్తి చూపాడు. "అమ్మా, మూడుసార్లూ విన్నావుగా?"

అలసందలు ఏరుతున్న అత్తగారు ఫ్రేహా తలెత్తింది. "విన్నాను. మూడుసార్లు అడిగినా మనసు కరగకపోతే, వాడి భారం తీరిపోయినట్టే. తప్పు ఇక నీ నెత్తినే పడుతుంది కోడలా."

ఆ వంటగదికి ఉన్న ఒక్క తలుపునూ మూడు వేళ్లతో మూసేశాడు. మన్నించానంటే అబద్ధం, మన్నించనంటే పాపం. ఆకు చేతిలోనే నలిగిపోయింది.

"అయితే నన్నూ మన్నించు" అన్నాను.

"మన్నించాను, మన్నించాను, మన్నించాను." అప్పటికే వెనక్కి తిరిగాడు.

"దేనికో అడగవా?"

"నువ్వు చేసే తప్పేముంటుందిలే" అని నవ్వాడు.

చెయ్యి తుడుచుకున్నాను. ఫోన్ తీసి, అక్కడే నిలబడి కలిపాను.

"యోఖెవెద్ గారూ, కుదరదన్నది మా ఆయన మాట. నా మాట నేను చెబుతున్నాను. ఆ పని నేను చేస్తాను. అత్తగారి సంగతి కొడుకు చూసుకుంటాడు."

అత్తగారి చేతిలో అలసందలు ఆగిపోయాయి. నిస్సీం గుమ్మంలోనే ఉన్నాడు. "నన్నొక మాట అడగకుండానే ఇదేంటి?" అన్నాడు.

"ఇందాక నువ్వు మూడుసార్లు మన్నించింది దీన్నే" అన్నాను. "మిగిలిన ఆకులు నువ్వు చూడు. వెలుతురుకు ఎత్తి చూడాలి."