గుర్రం మీంచి పడింది

మీరే చేశారు ఇదంతా, ఆ రోజు పెద్దబావగారింట్లో పరుపుల మీద గుండ్రంగా కూర్చుని గుర్రపు మాంసం తిని, చేతులు తుడుచుకుని, అరచేతులు ముఖం మీదుగా దించుకుని ఆమీన్ అన్న పెద్దమనుషులంతా, అని నర్సు రౌషన్ మందుసీసాను అరచేతుల మధ్య దొర్లిస్తూ అనుకుంది, చల్లగా ఎక్కిస్తే గడ్డ కడుతుంది, ఒంటి వేడికి రావాలి, మూడు నెలలకోసారి ఇదే సీసా, ఇవే చేతులు, ఆ రోజు టీ పోసినవీ ఈ చేతులే కదా, ముందు పాలు, తరవాత డికాషన్, కప్పులో సగానికి మించకుండా, మర్యాద తప్పకుండా, మీరే చేశారని అరిస్తే సరిపోతుందా, మరి నువ్వో రౌషన్, నువ్వు చేసిందో.

తెర వెనక బల్ల మీద చిన్నబావగారు బోర్లా పడుకున్నాడు, రౌషన్ పెళ్ళై ఇరవయ్యెనిమిదేళ్ళు, ఇక్కడి ఆచారంలో మొగుడి వైపు పెద్దల పేరు కోడలు నోట పలకకూడదు, ఆమె పలకలేదు, ఆసుపత్రి పుస్తకంలో కూడా ఆ పేరు పోలీసు లెఫ్టినెంట్ యెర్కినే రాస్తాడు, ఆమె కింద సంతకం పెడుతుంది, యెర్కిన్ ఈ ఊరివాడు కాదు, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు, సూది పడిందని రాసుకుపోవడమే అతని పని, పడకపోతే మనిషి మళ్ళీ జైలుకే, రైలు స్టేషను పక్క పేటలో ఆ రెండో పిల్ల విషయంలో కోర్టు వేసిన షరతు అది, ఒంట్లో మగతనపు రసం అణగడానికి, రెండో పిల్ల అంటుంది లోకం, మొదటి పిల్ల సంగతి కోర్టుకు తెలియదు, మొదటి పిల్ల గుర్రం మీంచి పడింది కదా.

మోల్దిర్, పన్నెండేళ్ళ కిందట, అప్పటికి పదకొండేళ్ళు, మోకాలి దగ్గర గౌను చిరిగి, ఇదే బల్ల మీద, వాళ్ళమ్మ చెప్పింది, చెప్పి వెంటనే రౌషన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది, ఎవరికీ చెప్పకు అపా, అక్కా, సిగ్గుచేటు, రేపు దీన్నెవరు చేసుకుంటారు, వాళ్ళు పెద్దవాళ్ళు, మాట్లాడుకుంటారట, రౌషన్ పిల్ల ముఖం చూసింది, పిల్ల కిటికీలోంచి బయట కట్టేసిన బండి గుర్రాన్ని చూస్తోంది, అలా తట్టింది ఆ మాట, ఆసుపత్రి పుస్తకంలో రాసేసింది, ముత్యాల్లాంటి అక్షరాలు ఆమెవి, గుర్రం మీంచి పడింది, ఊళ్ళో అందరికీ నచ్చింది, గుర్రం మీంచి పడని పిల్లలెవరు ఇక్కడ, తరవాత పెద్దబావగారింట్లో పెద్దలు కూర్చున్నారు, తప్పు కింద ఒక గుర్రం, ఒక జరీ అంగీ, అంగీ పిల్ల తండ్రి భుజాల మీద కప్పారు, ఆయన తల వంచి కప్పించుకున్నాడు, గుర్రాన్ని తీసుకెళ్ళి పెరట్లో కట్టేశాడు, ఆ గుర్రానికి రోజూ నీళ్ళు పెట్టింది మోల్దిరే, ఏడేళ్ళు పెట్టింది, ఎవరికీ తట్టలేదు ఆ పిల్లచేత పెట్టించకూడదని, పద్దెనిమిది నిండగానే షిమ్‌కెంట్ పట్నం వెళ్ళి రొట్టెల ఫ్యాక్టరీలో చేరింది, మళ్ళీ ఈ ఊరి ముఖం చూడలేదు.

పెద్దబావగారు తెర ఇవతల బెంచీ మీద ఉన్నాడు, మోకాలి మీద టోపీ, టోపీలో కాగితం, ఆ రోజు కూర్చున్న ఆ పదకొండుమంది పెద్దల సంతకాలు, సూదీ వద్దు పోలీసూ వద్దు, మనిషి మారాడు, నర్సు కూడా ఒక సంతకం పడేస్తే కోర్టు వింటుందట, వారం వారం గుమ్మంలోకి పోలీసు బండి వస్తుంటే పరువేం మిగిలింది కోడలా, వాణ్ణి మా ఇంటికి తెచ్చుకుంటాం, మా మనవరాలికి బడి ఆరు కిలోమీటర్లు, వాడే దింపి తీసుకొస్తాడు, రౌషన్ చేతుల్లో సీసా ఆగిపోయేసరికి ముసలాయన నవ్వాడు, ఏమిటమ్మా నీ భయం, విత్తులు తీసిన గుర్రం అది, విత్తులు తీసిన గుర్రం మీద పసిపిల్లల్నే ఎక్కిస్తాం, ఎప్పుడైనా కరిచిందా, గుర్రాలతో పుట్టి గుర్రాలతో చచ్చే ఊరు, పదకొండుమందికీ ఆ మాట సబబుగానే ఉంది, కానీ ఇది కొయ్యడం కాదు బావగారూ, ఇది అణచడం, మానేస్తే మళ్ళీ లేస్తుంది, అని ఆమె అనలేదు, లోపల అనుకుంది, ఎప్పుడూ లోపలే.

ఆమె తెర వెనక్కి వెళ్ళింది, దూది, స్పిరిటు వాసన, చిన్నబావగారి వీపు చెమటతో తడిసింది, ఈ మందుకు ఒంట్లో ఆవిర్లు పుడతాయి, రొమ్ము పొంగింది, ఎముక పలచబడింది, జాలి వేస్తుంది, ఆ జాలి మీద ఆమెకే రోత, సూది దిగింది, అతను దిండులోకి గొణిగాడు, సంతకం పెట్టకు కోడలా, పోయినసారి చెప్పాగా, ఇది ఉన్నన్నాళ్ళూ తలలో గోల ఉండదు, అయిపోవస్తుంటే మళ్ళీ మొదలవుతుంది, అన్నయ్యకు మాత్రం చెప్పకు, చెప్పకు, ఆ మాటే, మోల్దిర్ వాళ్ళమ్మ మాటే, మూడు నెలలుగా రౌషన్ చెప్పనూ లేదు, చెప్పకపోవడం ఆమెకు అన్నం తిన్నంత అలవాటు, దూది అదుముతూ నిలబడింది, తలలో గోల రక్తంలోంచి వచ్చిందనుకో, మోల్దిర్ వాళ్ళమ్మ బజారుకు వెళ్ళే వేళ చూసుకుని గేటు మూసిన ధైర్యం, అది ఏ రక్తంలోంచి వచ్చింది, నాలుగేళ్ళ తరవాత రెండో గేటు మూసిన ధైర్యం, అది మనం పెట్టిన భోజనం, మనం కప్పిన అంగీ, నేను పోసిన టీ, దానికి ఏ సీసాలో ఉంది మందు, ఈ సూది మూడు నెలలే పనిచేస్తుంది, నేను రాసిన మాట పన్నెండేళ్ళుగా పనిచేస్తూనే ఉంది.

ఆమె బయటికి వచ్చింది, పెద్దబావగారు కలం మూత తీసి పట్టుకున్నాడు, కలం తీసుకుంది, కాగితం తీసుకోలేదు, బీరువా అడుగు అరలో పాత పుస్తకాలు, దుమ్ము, పన్నెండేళ్ళ కిందటి వసంతం, పేజీ దొరికింది, ముత్యాల్లాంటి అక్షరాలు, ముసలాయన లేచాడు, ఏం చేస్తున్నావు కోడలా, ఆ పిల్ల బతుకు బజార్న పడేస్తావా, ఆ పిల్ల సంగతి ఆ పిల్లే చెప్పుకుంటుంది, చెప్పాలనుకుంటే, నా అబద్ధం నేను చెప్పుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, ఈసారి లోపల కాదు, పైకే అంది.

యెర్కిన్, ఆ ఫోను పక్కన పెట్టి రాసుకో, ఈ పేజీలో నర్సు రౌషన్ అబద్ధం రాసింది, ఇక్కడ ఎవరూ ఏ గుర్రం మీంచీ పడలేదు, సూది ఆపడానికి వీల్లేదని రాయి, వీళ్ళింటి మనవరాలి దగ్గరికి ఆ మనిషి వెళ్ళకూడదని ఇవాళే, ఇప్పుడే రాయి, ఆ పదకొండుమందినీ పిలిచి ఆ రోజు తిన్న మాంసం దేనికో చెప్పమని అడుగు, నన్నూ అడుగు, మనిషి పేరా, పేరు నేనే చెబుతాను, రాసుకో, సెర్గాజీ.