మంచు మధ్య పాలకూర

లదాఖ్‌లోని ఆ ఊళ్లో చలికాలం వస్తే పచ్చటి ఆకు కంటపడేది కాదు. అందుకే కున్‌జెస్ వేసవంతా మట్టి ఇటుకలు పోసి, రెండు వరసల గోడలతో చిన్న గది లేపి, వరసల మధ్య సందులో గడ్డి కూరింది. ఎండ తగిలే దక్షిణం వైపు మాత్రం ప్లాస్టిక్ పట్టాను ఏటవాలుగా కప్పి, లోపల మళ్లు కట్టి పాలకూర విత్తనాలు చల్లింది.

"పొయ్యి లేకుండా పాలకూరా? మంచుగడ్డలు కోసుకుంటావులే అక్కా!" అని పక్కింటి నుర్బూ ఆటపట్టించేవాడు.

జనవరిలో వాగు గడ్డకట్టింది. మర్నాడు ఎండెక్కాక, మొక్కలు బతికాయో లేదో చూద్దామని కున్‌జెస్ ఆ గది తలుపు తీసింది. తడిమట్టి వాసన వెచ్చగా గుప్పుమంది. మళ్ల నిండా పాలకూర, అరచేతంత ఆకులతో నిగనిగలాడుతోంది!

"ఆమాలే! బూట్లు తర్వాత తొడుక్కోవచ్చు, ముందు రండి!" అని అత్తగారిని కేకేసింది.

డెబ్బై ఏళ్ల దోల్కర్ ఉన్ని మేజోళ్లతోనే పరుగున వచ్చింది. ఒక ఆకు తుంచి నమిలింది. వెంటనే ఇంకోటి తుంచింది. జనవరిలో పచ్చి ఆకు తినడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. మెల్లగా కోటు విప్పి, గోడకు ఆనుకుని చతికిలబడింది.

"ఇంట్లోకి రండి, టీ పెడతాను."

"నేనెక్కడికీ రానే పిల్లా! ఆ టీ ఏదో ఇక్కడికే పట్టుకురా!"

కున్‌జెస్ పకపకా నవ్వుతూ, మంచులో జారుతూ ఇంటికి పరుగెత్తింది.