ఇంటి మనిషి

బెంజిమిన్ నాపరాయిని కోత మెషీన్ కిందికి తోసి నీళ్ల పైపు తిప్పాడు. బూడిదరంగు రొచ్చు మోకాళ్ల దాకా చిమ్మింది. మాచర్ల శివార్లలోని ఆ రాళ్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా అతనిది అదే పని. దుమ్ము పట్టి కనుబొమలు నెరిసినట్టుంటాయి. వేళ్ల చివర గీతలు అరిగిపోయాయి; రేషన్ షాపులో మెషీన్ అతని వేలిముద్రను ఏనాడూ మొదటిసారే ఒప్పుకోలేదు.

ఆ రోజు అన్నానికి ఇంటికెళ్లినప్పుడు కృష్ణకుమారిని ఒక మాట అడగాలి. నాలుగు రోజులుగా మింగుతున్న మాట.

పంతొమ్మిదేళ్లుగా ఇద్దరూ ఒక ఇంట్లో ఉంటున్నారు. పెళ్లి కాలేదు. శావల్యాపురంలో తాళి కట్టినవాడు ఆమెను వెళ్లగొట్టాడే గాని విడాకులివ్వలేదు. బట్టలు కుట్టి ఆమే స్థలం కొని రెండు గదులు వేయించింది; కాగితాలు ఆమె పేరు మీదే ఉన్నాయి. ఫ్యాక్టరీలో పక్కన పడేసిన ముక్కలు మోసుకొచ్చి కింద రాళ్లన్నీ అతను పరిచాడు. పోయిన నెల ఆమెకు గుండెనొప్పి వచ్చింది. భయమేసి కోర్టు దగ్గర ప్లీడరు గుమాస్తాను అడిగితే అతను తలెత్తకుండానే చెప్పాడు:

"వీలునామా లేకపోతే నీకేం రాదు. పిల్లల్లేరుగా, మొగుడికే పోద్ది. ఎన్నేళ్లున్నావని ఎవురూ అడగరు."

మధ్యాహ్నం రెండో వాయి కలుపుకుంటూ, కంచంలోకే చూస్తూ అడిగాడు.

"కుమారీ, ఇంటి సంగతి ఒక కాగితం రాయిస్తే..."

ఆమె గరిటె ఆపింది. "నేను పోతానని డాక్టరు చెప్పాడా ఏంది?"

"అది కాదు. నీ తర్వాత నేనేడుండాలా అని."

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. "ఒకసారి కట్టుబట్టల్తో రోడ్డున పడ్డానయ్యా. కాగితం చేతులు మారితే మళ్లీ పడతానేమోనని చానా భయం. నీ మీద నమ్మకం లేక కాదు."

వీలునామా రాసినా బతికున్నంత కాలం ఇల్లు ఆమెదేనని గుమాస్తా చెప్పాడు. ఆ ముక్క నాలిక మీదికొచ్చి ఆగిపోయింది. ఇంటి కోసమే ఉన్నానని ఆమె అనుకుంటే?

"సరేలే. అన్నం తిను," అన్నాడు.

మూడింటికి పక్కింటి అబిదా ఫోన్ చేసింది. "అన్నా, వదిన పలకట్లా. తొందరగా రా."

అతను వచ్చేసరికి ఎండకు సొమ్మసిల్లినట్టు కృష్ణకుమారి చల్లటి రాళ్ల మీద పక్కకు ఒరిగి ఉంది. వీధి చివరి డాక్టరు నాడి చూసి ఆమె కళ్లు మూశాడు.

అబిదా ఆమె తమ్ముడికి చెప్పింది. అతని ద్వారా కబురు శావల్యాపురం చేరింది. పొద్దుగూకే వేళకు భర్త కారులో దిగాడు, వెంట ఇద్దరు మనుషులు. శవాన్ని ఒకసారి చూసి, స్లాబు వంక, గోడల వంక ఎక్కువసేపు చూశాడు. తర్వాత మెత్తగా అడిగాడు.

"నువ్విక్కడ అద్దెకుంటన్నావా?"

అబిదా ఏడుపు ఆపి చూసింది. బెంజిమిన్ కింద రాళ్ల వంక చూశాడు. నిజం చెబితే శవం ముందే ఆమెను ఏమేమి అంటారో, తననేం చేస్తారో. వెనకున్న ఇద్దరూ అతని ముఖంలోకే చూస్తున్నారు.

"అవునండీ," అన్నాడు.

"అయితే ఈ పూటే సర్దుకో. మావాళ్లొస్తారు."

నాలుగు బట్టలు సంచిలో కుక్కుకున్నాడు. ఆమె కాళ్ల దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. వంగబోయి, వాళ్లు చూస్తున్నారని ఆగి, బయటికి నడిచాడు.

స్నానాల గది గూట్లో, ఆమె దువ్వెన పక్కన, అతను గడ్డం గీసుకునే బ్రష్ ఉండిపోయింది.