చెంగి కనపడని ఆట

ఆ పొద్దు తెల్లారేసరికి ఆకాశం నిండా మొగులు పరుచుకొనింది. ఉతికి ఆరేసిన గొర్రెబొచ్చు మాదిరి తెల్లగా, పలచగా. ఒక్క చుక్క రాల్చకుండా, ఎవరితోనో పనున్నట్టు తుంగభద్ర పక్కకు నడిచిపోయింది. తోలుబొమ్మల కంబన్న చావడి అరుగు మీద కూచుని అది పొయ్యేదాకా చూసి, మళ్లీ చేతిలోని తోలు మీదికి తల వంచాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు. ఆలూరు పక్కనుండే ఆ ఊర్లో రెండేండ్లుగా వాన లేదు. వానకోసం మూడు దినాలు బొమ్మలాట ఆడించడం ఆ ఊరి ఆనవాయితీ. మొదటి రెండు ఆటలూ మగవాళ్లవి. మూడోది ఆడవాళ్లు ఇంటికొక చేటెడు జొన్నలు వేసుకుని ఆడించుకునేది. ఆ ఆట నడిమధ్యలో ఆడవాళ్లు లేచిపోతే వాన కూడా లేచిపోయినట్టే. అట్లాంటి బొమ్మలాయన్ను ఊరు మళ్లీ పిలవదు.

మొదటి దినం కంబన్న తన తాత కట్టిన మల్లడు, చెంగి కథ ఆడాడు. మల్లడు గొర్లు కాసేవాడు, చెంగి కాపు పిల్ల. వాగులో ముల్లు గుచ్చుకున్న కాడ మొదలైన చూపులు కొండ మీద మనువుతో ముగుస్తాయి. తెర మీద చెంగి మల్లడికి రెండింతలుంటుంది. కండ్లు చేరడేసి. పుల్ల తిప్పితే నడుము తిరుగుతుంది. మల్లడికి ఒక్క చెయ్యే ఆడుతుంది, అది మీసం మీదికి పోవడానికే. చెంగి నడుము తిరిగినప్పుడల్లా మగవాళ్లు ఈలలేశారు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూచున్నారు.

మర్నాడు పొద్దున్నే గిడ్డమ్మ వచ్చింది. ఆడవాళ్ల ఆటకు జొన్నలు కూడేసేది ఆమే.

"ఏమప్పా, మా ఆటకు కూడా ఆ పిల్లనే తిప్పుతావా? ఆడపిల్లను మేమేం సూడాల, దినామూ బావికాడ సూస్తానే ఉండాం. మాకు తగినట్టు ఆడు."

కంబన్న తలూపాడు. ఆడవాళ్లకు తగినట్టంటే నగలే అనుకున్నాడు. తోలుబొమ్మకు నగ అంటే బెజ్జమే; దీపం వెలుగు అందులోంచి వచ్చి ముత్యమవుతుంది. ఆ రాత్రి మగవాళ్ల రెండో ఆట వేరే కథ, అందులో చెంగి లేదు. పాత చెంగిని కోసి, ఆ చేతులూ నడుమూ వాడుకుని కొత్త చెంగిని కట్టసాగాడు. మెడకు మూడు వరసల హారం, దాని కింద కాసులపేరు, ఉలితో వందల బెజ్జాలు కొట్టాడు. అతని భార్య భీమక్క రంగులద్దుతా, మెడకు అంత బరువెందుకని ఒకే ఒక మాట అనింది. కంబన్న ఇంకో వరస బెజ్జాలు కొట్టాడు.

ఇప్పుడు, మూడో దినం పొద్దున మొగులు పోయినాక, మెడ వెనక పుల్ల కట్టబోతే బెజ్జాల వెంబడి తోలు విస్తరాకు మాదిరి చినిగింది. చెంగి తల అతని ఒళ్లో పడింది.

మెడ తెగిన బొమ్మను ఇంక ఆడించరు, ఏట్లో వదిలేస్తారు. పాత చెంగి లేదు, కొత్త చెంగి లేదు. పొద్దుమూకితే ఆట. కంబన్న ఆ తలను మెడ కాడ ఆనించి చూశాడు, నిలవలేదు.

భీమక్క రంగుల పెట్టె అడుగునుంచి గుడ్డలో చుట్టిన బొమ్మ తీసింది. అది మల్లడు. మిగిలిన తోలు ముక్కలతో ఎప్పుడు చేసిందో! రెండు చేతులూ ఆడతాయి, వేళ్లు విడివిడిగా ఉన్నాయి. భుజాన గొంగడికి ఒక మాసిక. తల ఒకింత వంచి, ఎవరో చెప్పేది వింటున్నట్టున్నాడు.

"చెంగి లేకుండా యాడన్నా ఆట ఉంటాదా?" అన్నాడు కంబన్న.

"చెంగి నా గొంతులో ఉండాది. ఆ పిల్ల సూసేది తెర మీద ఉంటే సాలు."

"మాటలో?"

"ఇరవై ఏండ్లు మీ తాత కట్టిన మాటలే చెప్పినా. ఈ పొద్దు చెంగి మాటలు చెప్తా."

కంబన్న ఆ బొమ్మ వేళ్లను ఒక్కొక్కటే కదిలించి చూశాడు. తర్వాత దానికి పుల్ల కట్టాడు.

దీపం వెలిగించేసరికి తెర ముందు ఆడవాళ్లు కిక్కిరిసిపోయారు. తెర మీద మల్లడొక్కడే. భీమక్క గొంతు మెల్లగా, తనలో తాను చెప్పుకున్నట్టు, వాడు గొర్రెపిల్లను ఎట్లా ఎత్తుకున్నాడో, తాగే ముందు నీళ్లను ఎట్లా చూశాడో చెప్పింది. ఆమె గొంతు ఎక్కడికి పోతే కంబన్న చేతులు అక్కడికి పోయినాయి. వాగు కాడ మల్లడు మోకాలు మోపి, ఎవరూ లేని చోట రెండు చేతులూ చాపి, లేని పాదాన్ని పట్టుకున్నాడు. ముల్లు తీశాడు. ముందు వరసలో ఒకామె తన పాదం చీరలోకి లాక్కుంది.

వెనకనుంచి బొజ్జన్న, గొర్ల ఆసామి, చెంగి యాడని అరిచాడు.

"నోరు మూసుకో బొజ్జన్నా," అనింది గిడ్డమ్మ, తల తిప్పకుండానే. "ఈడనే మా మధ్యన కూచోనుండాది."

ఎవరూ లేవలేదు. ఆట అయిపోయినాక కూడా ఎవరూ లేవలేదు.

తర్వాత గిడ్డమ్మ గంపలో జొన్నరొట్టెలు, గోగాకు పప్పు తెచ్చి పెట్టిపోయింది. ఎప్పుడూ కంబన్న తిని లేచినాకే భీమక్క తినేది. అతను రొట్టె తుంచబోయి ఆగాడు. పప్పు గిన్నెను ఇద్దరి మధ్యకూ జరిపి, రొట్టెను రెండు చేసి, సగం ఆమె ముందర పెట్టాడు. గోడకు ఆనుకుని మల్లడు తల వంచి వింటున్నాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో అద్దుకుని తిన్నారు.