టిక్కు తీసేసిన కాలమ్

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఒక పని అడిగిందంటే అది అడగడం కాదు, అప్పగించడం. ఆవిడ రోగులకు ఉచితంగా సామాను అరువిచ్చే కేంద్రం నడుపుతుంది. చక్రాల కుర్చీలు, మడత మంచాలు, ఊతకర్రలు, ఆక్సిజన్ మిషన్లు. "నువ్వు కంప్యూటర్ మనిషివే కదా, చిన్న వెబ్‌సైట్ చేసిపెట్టు" అంది. ఆ చిన్న వెబ్‌సైట్ నా ఎనిమిది ఆదివారాలు మింగింది.

సామాను కోసం వెతికితే వచ్చే పట్టికలో ఏ కాలమ్‌లు ఉండాలన్నదే గొడవంతా. వదినకు ఇరవై రెండూ కావాలి. ఫిజియోథెరపీ ఆవిడకు కొలతలు చాలు. వ్యాను డ్రైవరుకు బరువెంతో, ఏ గదిలో ఉందో తెలిస్తే చాలు, మిగతావి కనిపిస్తే చిరాకట. ఒకరికి నచ్చినట్టు పెడితే ఇంకొకరు మూతి ముడుస్తారు. చివరికి నాకు తిక్క రేగింది. ఎవరి తిప్పలు వాళ్లు పడనీ అనుకుని ప్రతి కాలమ్‌కీ ఒక టిక్కు పెట్టేశాను. టిక్కు తీస్తే ఆ కాలమ్ మాయం. అందరూ తెగ మెచ్చుకున్నారు.

ఇంకో తలనొప్పి ఉంది. వదిన జాబితాలోంచి ఏదీ తీసెయ్యనివ్వదు.

"పాడైపోయినవి ఎందుకు వదినా? తీసేద్దాం."

"అమ్మో, దానంగా ఇచ్చినవాళ్లు వచ్చి చూసుకుంటారే! వాళ్ల నాన్న వాడిన మంచం పేరు కనపడకపోతే ఎంత నొచ్చుకుంటారు?"

అంచేత చచ్చిన మిషన్లు కూడా జాబితాలో దర్జాగా ఉంటాయి. 'పరిస్థితి' అనే కాలమ్‌లో మాత్రం వాటికి ఎదురుగా 'పనిచేయదు' అని ఉంటుంది.

గురువారం మధ్యాహ్నం ప్రింటరు మొరాయిస్తోందంటే కేంద్రానికి వెళ్లాను. ఒంటిగంటకు ఒక పెద్దాయన వచ్చాడు. చంకలో ఆసుపత్రి ఫైలు, చేతిలో ఫోను.

"మూడో గదిలో ఆక్సిజన్ మిషన్లు నాలుగున్నాయటగా అమ్మా. ఒకటి ఇప్పించండి. నాలుగింటికి మా ఆవిడని అంబులెన్స్‌లో ఇంటికి తెస్తున్నారు."

నాలుగున్న మాట నిజమే. నాలుగూ పాడైనవే.

"అవి పనిచెయ్యవండీ! 'పరిస్థితి'లో రాసి ఉందిగా!"

"నాకు కనపళ్లేదమ్మా."

ఫోను లాక్కుని చూశాను. మూడే మూడు కాలమ్‌లు: వస్తువు, గది, ఇచ్చినవారు. 'పరిస్థితి' టిక్కు ఆయనే తీసేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్న ఇరవై రెండింటిలో అదొక్కటీ ఉంచుకుంటే ఏం పోయింది? ఇచ్చినవాళ్ల పేరు దేనికి ఈయనకి?

"ఆసుపత్రి వాళ్లని ఒక్కరోజు ఆగమనండి" అన్నాను.

"అడిగానమ్మా. మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. మిషన్ లేకుండా ఇంటికి తీసుకెళ్తే మాత్రం గంట కూడా గడవదన్నారు డాక్టరుగారు."

వదిన అప్పటికే ఫోను అందుకుంది. మిషన్లు తీసుకెళ్లిన ఇళ్లన్నిటికీ వరసగా చేసింది. ఒకరు ఎత్తరు, ఒకరు ఇంకా వాడుతున్నామంటారు, ఒకరు వదిన గొంతు వినగానే కుశల ప్రశ్నలు మొదలెడతారు. ఏడో ఇంట్లో దొరికింది. వాళ్ల తాతగారికి నయమై పది రోజులైందట, మిషన్ మూలన పడి ఉందట. తిరిగి ఇవ్వాలన్న ధ్యాస ఎవరికైనా ఉంటేగా!

పెద్దాయన్ని కారెక్కించుకుని పరిగెత్తాను. వాళ్లు గేటు దగ్గరికే తెచ్చి వెనక సీట్లో పెట్టారు. రెండూ యాభై అయింది. ఆయన మిషన్ పక్కనే కూర్చుని, మలుపులో ఒరిగిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. పని అయిందనుకోగానే నా నోరు ఊరుకోలేదు.

"బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి. పనిచేస్తుందో లేదో చెప్పే కాలమ్ తీసేసి, ఎవరిచ్చారో ఉంచుకున్నారు. ఎందుకండీ?"

ఆయన మిషన్ వంకే చూస్తూ చెప్పాడు.

"ఇచ్చినవాళ్ల పేరు తెలిస్తే, ఒకసారి వెళ్లి దండం పెట్టి రావొచ్చని. ఇంక రెండోది... ఊరికే ఇస్తున్నారు కదమ్మా. బాగుందా, లేదా అని వంకలు చూడటం మర్యాద కాదనిపించింది. అందుకని తీసేశా."

ఆ టిక్కు తీసే వీలు కల్పించింది నేనే. అదీ ఆలోచించి కాదు, విసుగెత్తి. ఇంతసేపూ ఈయన మీద పళ్లు నూరాను. సిగ్గేసింది.

సిగ్నలు దాటాక ఆయనే మెల్లగా అన్నాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకపోతే... ఇది పనిచేస్తుందా అని అడగొచ్చా?"

ఇది బాగుందా అని ఆ ఇంటివాళ్లని నేనూ అడగలేదు. ఈయన్ని మర్యాద ఆపింది. నన్ను ఏం ఆపింది?

కారు పక్కకి తీసి, ఎదురుగా కనిపించిన దర్జీ కొట్లోకి మిషన్ మోసుకెళ్లాం. దర్జీ మారు మాట్లాడకుండా తన కుట్టుమిషన్ ప్లగ్గు పీకి చోటిచ్చాడు. నేను స్విచ్ వేశాను. ఉలుకూ పలుకూ లేదు. పెద్దాయన నా వంక చూడకుండా గొట్టం చివర అరచెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ప్లగ్గు నొక్కిపట్టి మళ్లీ వేశాను. మిషన్ ఒకసారి కీచుమని, గుర్రుమంటూ అందుకుంది.

"వస్తోందమ్మా" అన్నాడాయన. చెయ్యి మాత్రం తియ్యలేదు.